సిగ్నల్ దగ్గర గడ్డి

జూబ్లీహిల్స్‌లో డాక్టర్ హరిణి పళ్ల ఆసుపత్రికి ఆదివారం సెలవు. ఆ సాయంత్రం ఐదింటికి వెయిటింగ్ హాల్లో కుర్చీలన్నీ గోడవారకు జరిపి, మధ్యలో రెండు బల్లలు కలిపి వేస్తారు. రైలు నమూనాలు చేసే పదిమంది అక్కడ చేరతారు. శని, ఆదివారాల్లో ఎవరు ఎంత పని చేశారో తెచ్చి బల్ల మీద పెట్టాలి. మోసుకు రాలేనంత పెద్దదైతే ఫోనులో ఫొటో చూపించాలి. ఏ పనీ చేయనివాళ్లు అందరికీ మిరపకాయ బజ్జీలు తేవాలి. వాళ్ల సంఘానికి ఉన్న నియమం ఇదొక్కటే.

సుబ్రహ్మణ్యం ఒక్కసారి కూడా బజ్జీలు తేలేదు. నాలుగింటికల్లా ఫిల్మ్‌నగర్ ఫ్లాట్ నుంచి బయల్దేరి, హరిణి తనకిచ్చి ఉంచిన తాళంచెవితో తలుపు తీసి, బల్లలు తనే సర్దేవాడు. ఆయన సినిమాల్లో మినియేచర్లు చేసేవాడు. వరదలో కొట్టుకుపోయే ఊళ్లు, వంతెన మీంచి లోయలోకి పడే రైళ్లు, తగలబడే మిల్లులు. నాలుగు నెలలు కూర్చుని చేసింది తెర మీద రెండు క్షణాలు కనిపించి బూడిదయ్యేది. టైటిల్స్‌లో ఆయన పేరు చదివేలోపే పోయేది. తర్వాత గ్రాఫిక్స్ వచ్చాయి. పన్నెండేళ్లుగా ఆయనకు ఫోను చేసిన ఆర్ట్ డైరెక్టర్ లేడు. అందుకని ఆదివారం సాయంత్రం ఆ హాల్లో ఎవరో ఒకరు ముందుకు వంగి, కళ్లజోడు సర్దుకుని, "అబ్బ! ఇది చేత్తోనే చేశారా?" అంటే ఆ మాట శుక్రవారం దాకా ఆయన కడుపులో వెచ్చగా ఉండేది.

తొమ్మిది నెలలుగా ఆయన గోదావరి మీది ఆర్చీల వంతెన చేస్తున్నాడు. ఇత్తడి తీగ, అట్ట, సన్నటి చెక్కబద్దలు. వారానికో ఆర్చీ. ఆగస్టు చివరి ఆదివారం ఆఖరి ఆర్చీని చీర పెట్టెలో దూదిమీద పడుకోబెట్టి తెచ్చాడు. ఈ రోజు అందరూ తన చుట్టూనే ఉంటారని ఆయనకు తెలుసు. ఇస్త్రీ చొక్కా కూడా వేసుకున్నాడు.

ఆ రోజే హరిణి కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"ఈయన వెంకటనర్సయ్య గారు. పోయిన నెల పన్ను తీయించుకోవడానికి వచ్చారు. గోడ మీద మన ఫొటోలు చూసి నోట్లో దూది పెట్టుకునే వంద ప్రశ్నలు వేశారు," అంది నవ్వుతూ.

అరవై దాటిన మనిషి. నల్లగా, బక్కగా, ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్‌గా చేరి, కాలికి దెబ్బ తగిలాక వికారాబాద్ అవతల ఒక లెవెల్ క్రాసింగ్ దగ్గర గేట్‌మన్‌గా పద్దెనిమిదేళ్లు చేశాడట. రిటైరై ఇప్పుడు రహమత్‌నగర్‌లో ఉంటున్నాడు. చంకలోని మూటను బల్ల మీద పెట్టి, చుట్టిన లుంగీ విప్పాడు.

మూరెడు పలక. దాని మీద జానెడు పట్టాలు, ఒక గేటు, గేటు పక్కన చిన్న గది, ఒక సిగ్నల్ స్తంభం. గది గోడలు పాత టీవీ డబ్బాలోని థర్మాకోల్. స్తంభం కొంచెం వంకర. రంగులు పిల్లలు స్కూల్లో వాడేవి. సుబ్రహ్మణ్యం ఒక్క చూపులో ఏడు తప్పులు లెక్కపెట్టి, మనసు కుదుటపడి, చీర పెట్టె మూత మీద చెయ్యి వేశాడు.

"అంకుల్, గడ్డి ఇక్కడే ఎందుకు పచ్చగా ఉంది?" అనడిగాడు అరవింద్. అతను సాఫ్ట్‌వేర్ కుర్రాడు. ఇంజన్ల లోపల మోటార్లు, లైట్లు అమర్చడంలో దిట్ట.

నిజమే. పలకంతా ఎండిపోయిన గడ్డి. సిగ్నల్ స్తంభం దగ్గర మాత్రం పట్టాల పొడవునా సన్నటి పచ్చటి చార.

"సిగ్నల్ పడక బండి ఆగుతది గద బాబూ. ఆగినప్పుడు పెట్టెల కెళ్లి నీళ్లు కారుతయ్. రోజూ గాడ్నే కారుతయ్. ఎండకాలంల సుత గాడ గడ్డి పచ్చగుంటది," అన్నాడు వెంకటనర్సయ్య. "మేకలు గిట్ల గాడికే వస్తయ్. తోలి తోలి నా పానం పోయేది."

అందరూ ఆ పలక మీదకు వంగారు. పట్టా పైభాగం మెరుస్తూ, పక్కలు తుప్పు రంగులో ఎందుకున్నాయి? గది ముందు నేల అంత నున్నగా ఎందుకుంది? దేనికి ఏం కారణమో ఆయన చెబుతున్నాడు. అడిగినవాళ్లు మళ్లీ అడుగుతున్నారు. ఎవరో "అబ్బ!" అన్నారు.

సుబ్రహ్మణ్యం చీర పెట్టె మూత తీయలేదు. ఏడున్నరకు అందరూ లేస్తుంటే హరిణికి గుర్తొచ్చి, "అయ్యో, మీ ఆర్చీ చూడనేలేదు!" అంది. ఆయన మూత తీసి చూపించాడు. "చాలా బావుంది సుబ్రహ్మణ్యం గారూ, ఎప్పట్లాగే," అంది ఆమె.

ఎప్పట్లాగే అన్న మాట ఇంటిదాకా ఆయన వెంట వచ్చింది.

ఇంట్లో పని గదిలో లైటు వేసి తన పాత నమూనాలన్నీ చూసుకున్నాడు. కొండలు, పొలాలు, స్టేషన్లు. అన్నిటిమీదా ఒకే పచ్చటి గడ్డి, తివాచీ పరిచినట్టు. ముప్పై ఏళ్ల పనితనంలో గడ్డి ఎక్కడ పెరుగుతుందో, ఎందుకు పెరుగుతుందో తనకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఒక గేట్‌మన్‌కి తట్టింది. అది కూడా ఆలోచించి కాదు, ఊరికే చూసి.

"భోజనానికి రండి," అని భార్య పుష్పవల్లి రెండుసార్లు పిలిచింది. మూడోసారి గుమ్మంలోకి వచ్చి, "ఆర్చీ నచ్చలేదా వాళ్లకి?" అంది.

"ఎందుకు నచ్చదూ?" అని కసిరాడాయన.

సెప్టెంబరంతా అలాగే గడిచింది. వెంకటనర్సయ్య వారంవారం పలక మీదికి ఏదో ఒకటి కొత్తది తెచ్చేవాడు. సుబ్రహ్మణ్యం దానిలో తప్పు పట్టేవాడు, మర్యాదగానే. "స్తంభం నిటారుగా లేదండీ." "తలుపు కొలత ప్రకారం చూస్తే మనిషి పట్టడు." చిత్రమేమిటంటే వెంకటనర్సయ్య ఆ మాటలన్నీ చిన్న నోటుబుక్కులో రాసుకుని, పై ఆదివారానికి సరిచేసి తెచ్చి, ముందుగా సుబ్రహ్మణ్యానికే చూపించేవాడు. "సార్, మీరు చెప్పినట్టు చేసిన. ఇప్పుడు మంచిగొచ్చిందా?" మంచిగానే వచ్చేది. తన నోటితో తానే ఆ పలకకు మెరుగు పెడుతున్నానని తెలిసి సుబ్రహ్మణ్యానికి ఒళ్లు మండేది. ఊరుకుందామంటే కళ్లకు తప్పు కనిపించేది, నోరు ఊరుకునేది కాదు.

డిసెంబరులో దగ్గర్లోని ఒక బడి హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. అక్టోబరు మొదటి ఆదివారం ఏ నమూనా ఎక్కడ పెట్టాలో మాట్లాడుకున్నారు. ద్వారానికి ఎదురుగా ఉండే బల్ల ప్రతి ఏడూ సుబ్రహ్మణ్యానిదే. అది ఎవరూ అడిగేవారు కాదు, ఆయనా చెప్పేవాడు కాదు.

"ఈసారి ఎదురు బల్ల మీద నర్సయ్య గారి గేటు పెడదామా?" అంది హరిణి. "పలక చిన్నది కాబట్టి వెనకాల ఒక గుట్ట చేస్తే నిండుగా ఉంటుంది. వంతెన పొడుగైంది, కిటికీ వైపు బాగా సరిపోతుంది. ఏమంటారు?"

అందరూ సుబ్రహ్మణ్యం వైపు చూశారు. "బావుంటుంది," అన్నాడాయన.

బయట మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెంకటనర్సయ్య వెనకాలే వచ్చాడు.

"సార్, జర చెప్పుండ్రి. గుట్ట ఎట్ల చెయ్యాలె? నాకు పట్టాలు తెలుసు గని గుట్టలు తెల్వయ్."

నోటుబుక్కు తెరిచి పెన్ను పట్టుకున్నాడు. సుబ్రహ్మణ్యం చెప్పడం మొదలుపెట్టాడు. థర్మాకోల్ పలకలు ఒకదాని మీద ఒకటి ఫెవికాల్‌తో అంటించండి. రాత్రంతా ఆరనివ్వండి. పదునైన కత్తితో కొండ ఆకారంలో చెక్కండి. అంతవరకూ సరిగానే చెప్పాడు. ఆ తర్వాత చెప్పాల్సింది ఒకటుంది. చెక్కిన కొండ మీద న్యూస్‌పేపరు ముక్కలు ఫెవికాల్ నీళ్లలో ముంచి రెండు పొరలు అతికించాలి. అది లేకుండా స్ప్రే రంగు తగిలిందంటే థర్మాకోల్ కరిగి కారిపోతుంది. పని నేర్చుకునే రోజుల్లో మద్రాసులో మొదటివారమే ఆయనకు ఈ సంగతి చెప్పారు. అది ఆయనకు తన పేరంత బాగా గుర్తుంది.

"తర్వాత హార్డ్‌వేర్ షాపులో స్ప్రే డబ్బాలు దొరుకుతాయి. గోధుమరంగూ, బూడిదరంగూ కొట్టండి," అన్నాడు.

"గంతేనా సార్?"

"అంతే."

వెంకటనర్సయ్య రాసుకుని, కింద గీత గీసి, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు.

సోమవారం సుబ్రహ్మణ్యం ఉత్సాహంగా ఉన్నాడు. గుట్ట కరుగుతుంది, అంతేగా, మనిషికేం కాదు అనుకున్నాడు. బుధవారానికి ఆ ఉత్సాహం పోయింది. వెంకటనర్సయ్య నంబరు తీసి చూశాడు. ఒక్క మాట. 'ముందు కాగితం అతికించండి, చెప్పడం మర్చిపోయాను.' అంత చిన్న మాట. వేలు బొత్తాం మీద పెట్టి, ఎదురు బల్ల గుర్తొచ్చి, ఫోను బోర్లించాడు. శుక్రవారం పప్పులో ఉప్పు తక్కువైందని ఆయన గిన్నె తోసేస్తే, పుష్పవల్లి ఆయన ముఖంలోకి చూసి, "ఈ వారం మీరేదో చేశారు," అంది.

ఆదివారం వెంకటనర్సయ్య కొంచెం ఆలస్యంగా వచ్చాడు. లుంగీ మూట బల్ల మీద పెట్టాడు గానీ విప్పడానికి తొందరపడలేదు. తర్వాత మెల్లగా విప్పాడు.

గుట్ట లేదు. కుష్ఠు పట్టినట్టు గుంతలు పడిన నల్లటి ముద్ద ఒకటుంది. అదొక్కటే అయితే సుబ్రహ్మణ్యం తట్టుకునేవాడేమో. గుట్టను పలకకు అతికించిన తర్వాత రంగు కొట్టినట్టున్నాడు. ఆ తుంపర గేటు గది మీదా పడింది. థర్మాకోల్ గోడ లోపలికి కుంగిపోయి, అట్ట కప్పు పక్కకు జారి, చిన్న కిటికీ నేలను చూస్తోంది. పచ్చగడ్డి చార మీద గోధుమరంగు మరకలు.

"థర్మాకోల్ మీద డైరెక్టుగా స్ప్రే కొట్టారా అంకుల్?" అన్నాడు అరవింద్. "అది తినేస్తుంది కదా! ఎవరు చెప్పారు మీకు?"

సుబ్రహ్మణ్యం చూపు బల్ల అంచు మీద నిలిచిపోయింది.

"ఎవ్వలు జెప్పలే బాబూ," అన్నాడు వెంకటనర్సయ్య. "నాకే తెల్వక కొట్టిన."

సుబ్రహ్మణ్యం వైపు ఆయన తిరగలేదు. ఇంతకుముందు ప్రతి ఆదివారమూ మొదటగా ఆయన చూసేది సుబ్రహ్మణ్యాన్నే. ఇవాళ చూడలేదు. దాంతో సుబ్రహ్మణ్యానికి అర్థమైంది, ఆయనకు అంతా తెలుసని.

హరిణి కాసేపు ఆ శిథిలాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, "ఎదురు బల్ల మీద వంతెనే పెట్టేద్దాం సుబ్రహ్మణ్యం గారూ," అంది. అందరూ ఆయన తెచ్చిన వంతెన ఫొటోల వైపు తిరిగారు. "అబ్బ!" అన్నారు కూడా. ఆ మాట ఈసారి ఎక్కడా వెచ్చగా తగల్లేదు. పైగా కొత్త మంట ఒకటి మొదలైంది. వేలు ఎత్తి చూపించగలిగి కూడా చూపించని ఆ మనిషి మంచితనం మీద అసూయ. తనైతే చూపించేవాడు. అది తనకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దున్న ఆయన రహమత్‌నగర్ వెళ్లాడు. సందు మొదట్లోనే ఆటో ఆగిపోయింది. ఎత్తు ఎక్కుతూ, నీళ్ల డ్రమ్ముల మధ్య నుంచి దారి చేసుకుంటూ, నలుగురిని అడిగి ఇల్లు పట్టుకున్నాడు. రెండో అంతస్తులో ఒక గది, వంటగది. వెంకటనర్సయ్య భార్య కొమురమ్మ తలుపు తీసింది. పేరు చెప్పగానే ఆమె ముఖం బిగుసుకుంది.

"గీ సారేనా?" అని లోపలికి అడిగింది.

"లోపటికి రానియ్యి," అన్నాడు వెంకటనర్సయ్య. ఆయన నేలమీద కూర్చుని కూలిన గది గోడను బ్లేడుతో విడదీస్తున్నాడు.

సుబ్రహ్మణ్యం దారంతా మాటలు కూడబెట్టుకున్నాడు. కూర్చోగానే అవన్నీ పోయాయి. "కాగితం అతికించాలండీ, ముందు. నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు," అన్నాడు.

"ఎరికే సార్. మా బిడ్డ ఫోన్ల వీడియో వెట్టి చూపిచ్చింది, అంత ఆగమైనంక. గందుల మొదట్లనే ఉన్నది కాయితం ముచ్చట. మీ అసొంటి పనోడు గది మరుస్తడా?"

"మరి నిన్న వాళ్ల ముందు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏమైతది? డాక్టరమ్మ మిమ్ముల రావద్దంటది. మీరు రాకుంటే నాకు గుట్ట చేసుడు ఎవరు నేర్పుతరు?" అని బ్లేడు కింద పెట్టాడు. "కోపం లేదనుకోకుండ్రి. ఉన్నది. గీ రూములనే పద్దెనిమిదేండ్లు కూసున్న. పొద్దుగాల గుట్ట ముట్టుకుంటే చెయ్యి లోపటికి వోయింది. రూము చూసినంక బువ్వ తినబుద్ధి కాలే."

కొమురమ్మ టీ గ్లాసు తెచ్చి సుబ్రహ్మణ్యం ముందు ఠక్కున పెట్టింది. టీ అంచు దాటి నేల మీద ఒలికింది. "పెద్దమనిషి అని ఈయన రోజూ మీ ముచ్చటే జెప్పె. సార్ గట్ల అన్నడు, సార్ గిట్ల అన్నడు. గింత పని చేస్తరా?" అంది.

"ఒకటి అడుగుత సార్," అన్నాడు వెంకటనర్సయ్య. "మీకేం తక్కువైందని?"

ఆ ప్రశ్న ఆయన వారం రోజులుగా తనను తాను అడుగుతున్నదే. జవాబు మాత్రం ఇప్పుడే వచ్చింది. "ఆ గడ్డి," అన్నాడు. "ముప్పై ఏళ్లు గడ్డి చేశానండీ నేను. ఎక్కడ పచ్చగా ఉంటుందో నాకు తెలియలేదు. మీరు మొదటి రోజే తెచ్చి బల్ల మీద పెట్టారు."

వెంకటనర్సయ్య ఆయన్ని వింతగా చూశాడు. "గడ్డికా?" అన్నాడు. కత్తీ, మిగిలిన థర్మాకోల్ పలకా ఆయన ముందుకు జరిపాడు. "సరే. చెయ్యుండ్రి. నేను చూస్త."

ఆ రోజు మధ్యాహ్నం దాకా సుబ్రహ్మణ్యం అక్కడే కూర్చుని గుట్ట చెక్కాడు. తర్వాత వారానికి మూడు రోజులు వెళ్లాడు. గుట్ట మీద కాగితం ఎలా మడతపడితే రాయిలా కనిపిస్తుందో, రంగు ఆరకముందే గుడ్డతో ఎక్కడ తుడవాలో, ఏ మాటా మింగకుండా చెప్పాడు. వెంకటనర్సయ్య గదిని మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాడు. కొమురమ్మ టీ ఇచ్చేది. మాట్లాడేది కాదు.

ఆ తర్వాతి ఆదివారం బజ్జీలు సుబ్రహ్మణ్యమే తెచ్చాడు. అందరూ నవ్వి, "ఏమిటి విశేషం?" అంటే, నిలబడే జరిగింది చెప్పాడు. నవ్వు ఆగిపోయింది. అరవింద్ ముఖం తిప్పుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర హరిణి చెయ్యి చాపి, "తాళంచెవి ఇస్తారా? ఇకనుంచి నేనే వచ్చి తీస్తాను," అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బావుండుననిపించింది ఆయనకు.

ఎదురు బల్ల మళ్లీ గేటుకే ఇచ్చారు. డిసెంబరులో బడి హాల్లోకి అడుగు పెట్టగానే కనిపించేది అదే. వెనకాల గుట్ట, గుట్టకు అడ్డంగా తొలిచిన దారిలోంచి వచ్చే పట్టాలు, సిగ్నల్ దగ్గర పచ్చగడ్డి. పిల్లలు దాని చుట్టూ మూగి కదల్లేదు. వెంకటనర్సయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, మేకల కథ పదోసారి చెబుతున్నాడు. పక్కన కొమురమ్మ కొత్త చీరలో నిలబడి, వచ్చినవాళ్లకు గది ముందున్న మట్టిపొయ్యి తను చేసిందని చూపిస్తోంది.

కిటికీ దగ్గర వంతెన పక్కన సుబ్రహ్మణ్యం ఒక్కడే నిలబడ్డాడు. వచ్చినవాళ్లు చూసి, మెచ్చుకుని, ముందుకు వెళ్లిపోతున్నారు. వాళ్ల నవ్వులు అటువైపు నుంచి వినిపించినప్పుడల్లా ఛాతీలో సూది గుచ్చినట్టయ్యేది. చేసిన తప్పు ఒప్పుకుంటే ఇది పోతుందనుకున్నాడు. పోలేదు. గుట్ట తనదేనని ఎవరికైనా చెప్పాలని రెండుసార్లు అనిపించింది. చెప్పలేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక వెంకటనర్సయ్య కాలీడ్చుకుంటూ వచ్చాడు. వంతెనను ఈ చివర నుంచి ఆ చివరికి నడిచి చూశాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. ఒకచోట వంగి, కళ్లు చిట్లించాడు.

"మస్తున్నది సార్. గని గ్యాంగోళ్లు యాడ నిలవడాలె?"

"అంటే?"

"నేను పాలమూరు దిక్కు పెద్ద బ్రిడ్జి మీద పనిచేసిన. నడిమిట్ల ఉండంగ బండొస్తే యాడికని ఉరుకుతం? పక్కకు జరిగి నిలవడనీకి చిన్న చిన్న అరుగులుంటయ్, ఇనుప కటకటాలతోని. బండి పోయేదాంక గాడ నిలవడి కటకటాలు గట్టిగ పట్టుకునేది. మీ దాంట్ల లెవ్వు."

సుబ్రహ్మణ్యం తను చూసి చేసిన అసలు వంతెన ఫొటోలు గుర్తు చేసుకున్నాడు. అన్నీ పడవలోంచి, కింద నుంచి తీసినవి. ఆర్చీల అందం కోసం తీసినవి. ఆ వంతెన మీద మనుషులు పనిచేస్తారని ఆయనకు తొమ్మిది నెలల్లో ఒక్క రోజూ తోచలేదు. మళ్లీ మండింది. ఈసారి కూడా ఈ మనిషే. ఈసారి కూడా ఊరికే చూసి.

"ఎంతెంత దూరానికి ఉంటాయవి?" అన్నాడు. గొంతు కటువుగా వచ్చింది.

"అడుగులేసి చెప్త, ఆగుండ్రి," అని వెంకటనర్సయ్య హాలు మధ్యలోకి వెళ్లి, కళ్లు మూసుకుని, పట్టాల కింది అడ్డకర్రల మీద నడిచినట్టు పొట్టి పొట్టి అడుగులేస్తూ లెక్కపెట్టసాగాడు.

సుబ్రహ్మణ్యం జేబులోంచి పెన్ను తీశాడు. కాగితం దొరకలేదు. అరచేతి మీదే రాసుకోవడం మొదలుపెట్టాడు.